మొదటిసారి గ్రూప్ రైడ్‌కి వెళ్తున్నారా? తిరుపతి నుంచి హార్స్‌లీ హిల్స్ దాకా బండి ఎలా నడపాలి

మొదటి గ్రూప్ రైడ్‌లో కొత్తవాళ్లు దెబ్బతినేది చాలావరకు ఒకే కారణంతో. ముందు బండి కనపడకుండా పోతోందని కంగారుపడి, తమ చేతికి అలవాటు లేని స్పీడుతో మలుపులోకి దూరతారు. పంక్చరైనా, పెట్రోలు అయిపోయినా దారిలో ఎక్కడో ఒకచోట సర్దుకోవచ్చు. ఈ ఒక్క విషయం మాత్రం ఇంటి దగ్గరే మనసులో ఖాయం చేసుకుని బయలుదేరాలి.

ఇక్కడ చెప్పేదంతా తిరుపతి నుంచి పీలేరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ వెళ్లి అదే రోజు తిరిగొచ్చే రైడ్ గురించి. పోను సుమారు 140 కిలోమీటర్లు, రాను అంతే. హైవే, ఊళ్లు, రెండు ఘాట్లు అన్నీ తగులుతాయి కాబట్టి మొదటి రైడ్‌కి ఈ చుట్టుపక్కల ఇంతకంటే మంచి దారి లేదు. చిత్తూరు వాళ్లు నేరుగా పీలేరు వచ్చి కలుసుకోవచ్చు.

ముందు రోజు

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి పట్టించండి. ఎంత పట్టించాలో చైన్ కవర్ మీదో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీదో ఉన్న స్టిక్కర్ చెబుతుంది, గాలి కొట్టే షాపు వాళ్ల అంచనా కాదు. చైను కింది వైపు మధ్యలో వేలితో ఎత్తితే చాలా బండ్లకి 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. చైనుకి లూబ్ (చైను నూనె) పట్టించి రాత్రంతా వదిలేయండి. రెండు బ్రేకులు, బ్రేకు లైటు, ఇండికేటర్లు, హారన్ చూసుకోండి. ట్యూబ్‌లెస్ టైర్లయితే పంక్చర్ కిట్, లేకపోతే ఒక ట్యూబు పెట్టుకోండి.

ఐఎస్ఐ ముద్ర ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్, గ్లవ్స్, చీలమండ కప్పే షూ తప్పనిసరి. చెప్పులతో వచ్చినవాళ్లని గ్రూపులో కలుపుకోకూడదు. లగేజీ వెనక సీటు మీద కట్టాలి, తాడు కొసలు వేలాడకూడదు. హ్యాండిల్‌కి సంచి తగిలిస్తే స్టీరింగ్ అడ్డం తిరుగుతుంది. మొదటి రైడ్‌లో వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. ట్యాంకు ముందు రాత్రే నింపేయండి.

గ్రూపు ఎలా ఉండాలి

ఐదారు బండ్లు చాలు. అంతకంటే ఎక్కువైతే రెండు గ్రూపులుగా విడిపోయి పది నిమిషాల తేడాతో బయలుదేరాలి. ముందు నడిచే లీడ్‌కి దారి తెలిసుండాలి. చివరన వచ్చే స్వీప్ అందరికంటే అనుభవం ఉన్నవాడై, టూల్ కిట్ దగ్గర పెట్టుకోవాలి. కొత్తవాడు లీడ్ వెనకే, రెండో స్థానంలో ఉండాలి. చాలా గ్రూపుల్లో కొత్తవాళ్లని చివర పెడతారు, అది పూర్తిగా తప్పు. లీడ్ ఊరు దాటి 40 నుంచి 60కి వేగం పెంచేటప్పుడు చివరి బండి ఇంకా ఊళ్లో స్పీడ్ బ్రేకర్ మీదే ఉంటుంది. రబ్బరు బ్యాండులాగా వరస సాగుతుంది. ఆ గ్యాపు పూడ్చడానికి రెండో బండి 65 పోతే, ఐదో బండి 85 పోవాల్సి వస్తుంది. ఆ భారం స్వీప్ మోయగలడు, కొత్తవాడు మోయలేడు.

స్పీడు ఎంత అనేది గ్రూపులో చిన్న బండిని బట్టి ఉండాలి. 100 సీసీ బండి ఒక్కటున్నా అందరూ 60 దగ్గరే నడపాలి. పెట్రోలుకి ఆగడం కూడా అంతే, చిన్న ట్యాంకు లెక్క ప్రకారమే.

దారి తప్పకుండా ఉండటానికి ఒకే నియమం చాలు: రోడ్డు మారే చోట, మీ వెనక బండికి మీరు కనిపించేదాకా మీరు మలుపు తిరగకూడదు. ప్రతి ఒక్కరూ తమ వెనకవాడి బాధ్యత తీసుకుంటే ఎవరూ తప్పిపోరు. ఫోన్‌లో లైవ్ లొకేషన్ పెట్టుకుని వెళ్లే పద్ధతి కంటే ఇది ఎంతో మేలు. ఘాట్‌లో సిగ్నల్ పోతే ఆ లొకేషన్ ఆగిపోతుంది, పైగా కళ్లు రోడ్డు వదిలి హ్యాండిల్ మీది ఫోన్‌లోకి పోతాయి. బ్లూటూత్‌లో మాట్లాడుకోవడం కూడా మొదటి రైడ్‌కి వద్దు.

రోడ్డెక్కాక

ఉదయం ఐదున్నరకి బయలుదేరాలి. శ్రీనివాస మంగాపురం దగ్గర గుడికి నడిచి వెళ్లే భక్తులు రోడ్డు దాటుతుంటారు, అక్కడ నెమ్మదించండి. రంగంపేటలో ఐదు నిమిషాలు ఆగి, లగేజీ వదులైందేమో చూసుకోవాలి. ఇక అక్కడి నుంచి భాకరాపేట ఘాట్.

తిన్నని రోడ్డు మీద అందరూ ఒకే గీతలో నడపకూడదు. లీడ్ మన లేన్‌లో కుడి వైపు, రెండో బండి ఎడమ వైపు, మూడోది మళ్లీ కుడి వైపు. పక్క గీతలో ముందున్న బండికి ఒక సెకను, మీ గీతలోనే ముందున్న బండికి రెండు సెకన్లు దూరం. ముందు బండి ఒక కిలోమీటరు రాయి దాటగానే లెక్క మొదలుపెడితే మీ లెక్క పూర్తయ్యాకే మీరు ఆ రాయి చేరాలి. 60 స్పీడులో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది, అంటే రెండు సెకన్లకి 33 మీటర్లు. అంత ఖాళీ చూస్తే కొత్తవాళ్లకి వెనకబడిపోయినట్టు అనిపిస్తుంది. అది సరైన దూరమే, పూడ్చకండి. మధ్యలో కారు దూరితే దూరనివ్వండి.

ఓవర్‌టేక్ ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. లీడ్ లారీని దాటాడంటే అతనికి ఖాళీ ఉందని అర్థం, మీకు ఉందని కాదు. దాటాక వెంటనే స్పీడు తగ్గించకుండా కాస్త ముందుకి పోవాలి, లేకపోతే వెనకొచ్చేవాడికి లారీ ముందు చోటు ఉండదు.

ఘాట్ మలుపులు

ఘాట్ మొదలవగానే లీడ్ ఎడమ చెయ్యెత్తి ఒక వేలు చూపిస్తాడు. అంటే ఇక అటూ ఇటూ కాదు, ఒకరి వెనక ఒకరు. గ్యాపు మూడు నాలుగు సెకన్లకి పెంచాలి. ముందు బండి మలుపు వెనక్కి మాయమవుతుంది. మాయమవనివ్వండి. ఘాట్ దిగిపోయాకో, ఎక్కేశాకో లీడ్ ఆగి ఉంటాడు, రోడ్డు ఒక్కటే కాబట్టి తప్పిపోయే ప్రశ్నే లేదు.

ముందు బండి బ్రేకు లైటు చూసి మలుపు తిరగడం అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు. అతని టైరు వేరు, బరువు వేరు, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉండొచ్చు, అదే మలుపు అతను ఇరవైసార్లు తిరిగుండొచ్చు. అతను బ్రేకు వేయకుండా తిరిగిన చోట మీరు వేయాల్సిందే కావచ్చు. మీ కళ్లు అతని వెనక చక్రం మీద కాకుండా, రోడ్డు రెండు అంచులు దూరంగా కలిసినట్టు కనిపించే చోట ఉండాలి. మీరు దగ్గరయ్యేకొద్దీ ఆ చోటు మీ వైపే వస్తోందంటే మలుపు ఇంకా ముడుచుకుంటోందని అర్థం, స్పీడు తగ్గించాలి. అది మీ నుంచి దూరంగా జరుగుతోందంటే మలుపు విప్పుకుంటోంది, కొద్దిగా యాక్సిలరేటర్ ఇవ్వొచ్చు. కనిపిస్తున్న రోడ్డు పొడవులో పూర్తిగా ఆగగలిగే స్పీడే మీ స్పీడు.

బ్రేకు వేయడం, గేరు తగ్గించడం రెండూ మలుపుకి ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే పూర్తి కావాలి. గేరు తగ్గించి క్లచ్ పూర్తిగా వదిలేశాకే బండి వంచాలి. క్లచ్ పట్టుకుని మలుపు తిరిగితే చక్రానికి ఇంజను పట్టు ఉండదు, బండి బయటికి జారిపోతుంది. తల తిప్పి మలుపు అవతలికి చూడాలి. ఎడమకి తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని మెల్లగా ముందుకి నెట్టాలి, కుడికైతే కుడిది.

మధ్యలో స్పీడు ఎక్కువైందనిపిస్తే చెయ్యి తనంతట తానే ముందు బ్రేకు బిగిస్తుంది. కొత్తవాళ్లని పడేసేది అదే. వంగి ఉన్న బండికి ముందు బ్రేకు గట్టిగా వేస్తే చక్రం జారిపోవడమో, బండి నిటారుగా లేచి ఎదుటి లేన్‌లోకి పోవడమో జరుగుతుంది. బ్రేకు జోలికి పోకుండా, చూపు మలుపు అవతలే ఉంచి, ఇంకాస్త వంచండి. తప్పదనుకుంటే వెనక బ్రేకు వేలితో నొక్కినంత తేలిగ్గా నొక్కండి. లోయ వైపో, గోడ వైపో చూశారంటే బండి అటే పోతుంది.

ఆర్టీసీ బస్సు గురించి విడిగా చెప్పుకోవాలి. మలుపు మీకు కుడి వైపైతే, ఎదురొచ్చే బస్సు తిరగడానికి ముందు దాని ముక్కు మీ లేన్‌లోకి వస్తుంది. మలుపు ఎడమ వైపైతే ముక్కు దాటిపోయాక దాని వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ మీ వైపు వస్తాయి. అందుకే హారన్ వినపడితే హెయిర్‌పిన్ (పూర్తిగా వెనక్కి తిరిగే మలుపు)లోకి దూరకుండా ముందే ఎడమ పక్కగా ఆగాలి. రోడ్డు ఇరుకైన చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నియమం కూడా. మీరూ ప్రతి గుడ్డి మలుపు ముందు హారన్ కొట్టాలి.

మలుపు లోపలి అంచున కంకర, ఇసుక చేరి ఉంటాయి, అందుకని లేన్ మధ్యలోనే ఉండండి.

తిండి, తిరుగు ప్రయాణం

పీలేరులో టిఫిన్. తక్కువ తినండి, నీళ్లు ఎక్కువ తాగండి. ఆ తర్వాత గంటకోసారి ఆగితే చాలు. కలికిరి, వాల్మీకిపురం మీదుగా పోతుంటే సీజన్‌లో ఉలవ కట్టె నూర్పిడికి రోడ్డు మీద పరిచి ఉండొచ్చు. దాని మీద బ్రేకు వేయకూడదు, బండి వంచకూడదు, తిన్నగా దాటేయాలి. మదనపల్లె దగ్గర టమాటా లోడు బండ్లు ఎక్కువ, నలిగిన టమాటా మీద కూడా టైరు జారుతుంది.

కొండ మీద బిర్యానీ కడుపునిండా తిని దిగితే ఘాట్‌లో నిద్ర ముంచుకొస్తుంది. అక్కడ తేలికగా తిని, అరగంట కూర్చుని దిగాలి. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి, రెండో మూడో. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లని చూసి నేర్చుకోకండి. ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి పని చేయడం మానేస్తాయి. వెనక బ్రేకు మీద కాలు ఆనించి దిగినా ఇదే జరుగుతుంది. నొక్కాలి, వదలాలి, మళ్లీ నొక్కాలి. లివర్ మెత్తగా అనిపిస్తే ఆపి పది నిమిషాలు చల్లారనివ్వండి, డిస్క్ మీద నీళ్లు పోయొద్దు.

మధ్యాహ్నం రెండుకల్లా కొండ దిగడం మొదలుపెట్టాలి. ఇప్పుడు భాకరాపేట ఘాట్ కూడా దిగుడే, ఒళ్లు అలసి ఉంటుంది, అందుకని పీలేరులో టీకి తప్పక ఆగండి. పొద్దుగూకాక వెనక లైటు లేని ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి, వాటికంటే ముందే తిరుపతి చేరాలి. ఎవరైనా ఆలస్యమైతే వాళ్లని తొందరపెట్టకండి. గ్రూపంతా పీలేరులోనే ఆగిపోయి, తెల్లారాక దిగడం మంచిది.

ఇంటికి చేరగానే చైను ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే తుడిచి లూబ్ పట్టించండి. మర్నాడు టైర్లలో మేకులు, రాళ్లు చూసుకుని గాలి మళ్లీ కొలిపించండి.