షేర్ ప్రీమియం వివాదం: అప్పీలు గడువు దాటిపోతే

సమస్య: కంపెనీ షేర్లను ప్రీమియంతో, అంటే ముఖ విలువకు మించిన ధరకు, జారీ చేసింది. ఆదాయపు పన్ను అధికారి షేరు విలువ కట్టిన వాల్యుయేషన్ నివేదికను పక్కనబెట్టి, సరసమైన విలువకు మించిన మొత్తాన్ని 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 56 కింద ఆదాయంగా కలిపారు. మీరు అప్పీలు చేస్తే గడువు దాటిందని కొట్టేశారు. నివేదికలోని ఒక్క అంకెనూ ఎవరూ చూడలేదు. ఏంజెల్ ట్యాక్స్ అని పిలిచే ఈ పన్ను 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి రద్దయింది కానీ పాత ఏళ్ల వివాదాలకు ఆ రద్దు వర్తించదు.

కారణం: ఉద్యోగం మానేసిన అకౌంటెంటు ఈమెయిలుకు ఉత్తర్వు వెళ్లడం ఒకటి. అంతకన్నా బాధ కలిగించేది, సెక్షన్ 154 కింద సవరణ దరఖాస్తు పెట్టి జవాబు కోసం ఎదురుచూడటం. ఆ సెక్షన్ పైకి కనిపించే పొరపాట్లకే. భవిష్యత్తు రాబడి అంచనాలు సబబేనా అన్న వాదన అందులో ఇమడదు, 30 రోజుల అప్పీలు గడువూ ఆగదు. షేరు విలువ కట్టే మర్చంట్ బ్యాంకర్ ఇచ్చే కొత్త నివేదిక కోసం ఆగేవారూ ఉన్నారు. ముందు అప్పీలు వేయండి. నివేదికను అదనపు సాక్ష్యంగా స్వీకరించమని ఆదాయపు పన్ను నిబంధనల్లోని రూల్ 46ఏ కింద తర్వాత కోరవచ్చు.

పరిష్కారం: పన్ను కట్టమనే డిమాండ్ నోటీసు అందిన రోజును వదిలేసి 30 రోజులు లెక్కపెట్టండి. నిజంగానే ఆలస్యమైతే అప్పీలు పత్రమైన ఫారం 35లో ఆ సంగతి దాచకండి. ఆలస్యాన్ని మన్నించమని కోరే దరఖాస్తులో ‘అనివార్య కారణాల వల్ల’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ఇలా రాయండి: ‘మార్చి 14న నోటీసు పాత ఈమెయిలుకు వచ్చింది. ఆ ఉద్యోగి జనవరి 31న మానేశారు, రాజీనామా లేఖ జతచేశాం. మే 6న బ్యాంకు ఖాతా జప్తయినప్పుడు విషయం తెలిసింది. గడువు ఏప్రిల్ 13, మే 12న దాఖలు చేస్తున్నాం. ఆలస్యం 29 రోజులు.’ దీనికి డైరెక్టర్ అఫిడవిట్ తోడుండాలి.

ఆలస్యాన్ని ఉదారంగా చూడాలని సుప్రీంకోర్టు 1987లో కాటిజీ కేసులో చెప్పింది. ఆ తీర్పును తప్పక ఉదహరించండి, అయితే తేదీలూ ఆధారాలూ లేనిచోట అదొక్కటే కాపాడదు.

మొదటి అప్పీలు వినే కమిషనర్ మన్నించకపోతే, ఆ పైన ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రైబ్యునల్ ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి అక్కడి గడువు, ఉత్తర్వు అందిన నెల ముగిశాక రెండు నెలలు. ఆలస్యాన్ని మన్నించి, షేరు విలువపై విచారణకు కేసును తిరిగి పంపమని కోరండి.

అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. సాధారణంగా డిమాండులో 20 శాతం కట్టి, మిగతాదానిపై స్టే ఇవ్వమని అసెస్‌మెంట్ అధికారికి అదే రోజు విడిగా దరఖాస్తు పెట్టండి.