చెరిపేసిన బిల్లులు మళ్ళీ లేచొచ్చాయి

మా బాబాయి రైస్ మిల్లులో ధాన్యం లెక్కలన్నీ విజువల్ ఫాక్స్‌ప్రో 9 అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోనే. 2015 జనవరిలో మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేసినా, "నడుస్తోంది కదరా, కెలకడం ఎందుకు" అనేవాడు. పాత కంప్యూటర్ మొరాయించాక ఇక తప్పలేదు. ప్రోగ్రామ్‌ని పైథాన్ భాషలోకి, డేటాని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి మార్చాను.

స్క్రీన్లు తేలిగ్గానే అయిపోయాయి. డేటా ఎక్కించాక రైతుల బాకీలు మాత్రం పాత రిపోర్టుతో కలవలేదు. ఎప్పుడో తీసేసిన బిల్లులు కూడా లెక్కలోకొచ్చి కూర్చున్నాయి. రెండు రాత్రులు నా క్వెరీలనే తిట్టుకున్నాను. అసలు సంగతేంటంటే, ఫాక్స్‌ప్రోలో డిలీట్ కొడితే రికార్డు పోదు. దాని మొదటి బైట్‌లో ఖాళీకి బదులు నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. అలాంటివాటిని నిజంగా తుడిచేసే ప్యాక్ కమాండ్ ఇచ్చేదాకా ఫైల్లోనే ఉంటుంది. మిల్లులో ఇన్నేళ్ళలో ప్యాక్ చేసిన పాపాన ఎవరూ పోలేదు! ఫాక్స్‌ప్రో డేటా ఫైళ్ళు (డీబీఎఫ్) చదవడానికి నేను సొంతంగా రాసుకున్న రీడరేమో ఆ బైట్‌ని దాటేసి చదువుతోంది. నక్షత్రం ఉన్నవాటిని వదిలేయమని ఒక్క లైను చేర్చాను. బాకీలు పైసాతో సహా కలిశాయి.

వివరాల కాలమ్ ఖాళీగా రావడానికి కారణం ఇంకా చిన్నది. అది పొడుగాటి రాతలకు వాడే మెమో ఫీల్డు. అందులో రాసింది పక్కనుండే ఎఫ్‌పీటీ ఫైల్లో ఉంటుంది. దాన్ని కాపీ చేయడమే మరిచాను.