మూరిష్ ఐడల్ చేపను గుర్తుపట్టడం ఎలా?

బొచ్చె ఏదో, రవ్వ ఏదో నల్లగొండ చేపల మార్కెట్‌కి వెళ్లేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. తలకాయ పెద్దగా, కింది దవడ పైకి లేచి ఉంటే బొచ్చె అని దూరం నుంచే చెప్పేస్తారు. అదే పగడపు దిబ్బల చేపల దగ్గరికొచ్చేసరికి మూతి వదిలేసి చారలు చూస్తాం. టన్నెల్ అక్వేరియంలో గానీ, అండమాన్‌లో గానీ నలుపు, తెలుపు, పసుపు రంగులతో, వీపు మీద పొడవాటి తెల్లటి పోగుతో ఓ చేప కనిపిస్తే చాలు, మూరిష్ ఐడల్ అనేస్తాం. చాలాసార్లు అది బ్యానర్ ఫిష్ అయి ఉంటుంది.

ముందు తోక చూడండి. మూరిష్ ఐడల్ తోక నల్లగా ఉంటుంది, చివర సన్నటి తెల్ల అంచు. బ్యానర్ ఫిష్ తోక పసుపు. సగం అనుమానం ఇక్కడే తీరిపోతుంది.

తర్వాత మూతి. మూరిష్ ఐడల్‌కి అది గొట్టంలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాని మీద పసుపు, నారింజ కలిసిన మచ్చ, ఆ మచ్చ చుట్టూ నల్లటి గీత. ఎవరో కుంచెతో శ్రద్ధగా దిద్దినట్టే ఉంటుంది! పెద్ద చేపైతే కళ్ల పైభాగంలో చిన్న కొమ్ముల్లాంటి బుడిపెలు కూడా కనిపిస్తాయి. బ్యానర్ ఫిష్‌ మూతి పొట్టిది, దాని మీద ఆ మచ్చ ఉండదు.

వీపు మీది పోగును మాత్రం నమ్ముకోవద్దు. అది రెండింటికీ ఉంటుంది, పైగా విరిగిపోతుంటుంది. చేప కదులుతూ ఉంటే టెన్షన్ పడకుండా పక్క నుంచి ఒక ఫొటో తీసి, జూమ్ చేసి తోకా మూతీ చూసుకోండి.

మన టౌన్ల షాపుల్లో అమ్మే చారల ఏంజెల్ వేరే చేప. అది అమెజాన్ వైపు మంచినీళ్ల చేప, పొట్ట కింద రెండు సన్నటి పోగులు వేలాడుతుంటాయి.

ఈ తికమక మనదొక్కరిదే కాదు. 1758లో, జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ రెండు చేపలనూ కీటోడాన్ అనే ఒకే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) పెట్టాడు. బ్యానర్ ఫిష్ సీతాకోకచిలుక చేపల కుటుంబానిది. మూరిష్ ఐడల్‌కి దగ్గరి చుట్టాలు సర్జన్ చేపలు, కాకపోతే వాటికి తోక మొదట్లో ఉండే కత్తిలాంటి ముల్లు దీనికి లేదు. మూరిష్ ఐడల్ కుటుంబంలో ఇప్పుడు మిగిలిన జాతి అదొక్కటే. పిల్ల దశలో చాలాకాలం నడిసముద్రంలో కొట్టుకుపోతుంది కాబట్టే ఆఫ్రికా తీరం నుంచి అమెరికా ఖండాల పడమటి తీరం దాకా వ్యాపించింది.

ఆ గొట్టం మూతి ఎందుకో తెలిస్తే చేప సగం అర్థమైనట్టే. రాళ్ల సందుల్లో అంటుకుని పెరిగే స్పాంజీలను గిల్లి తినడానికి అది. మేత విషయంలో అంత పట్టింపు ఉన్న చేప కాబట్టే ట్యాంకులో వేస్తే తిండి మానేసి చిక్కిపోతుంది, అనుభవం ఉన్నవాళ్ల దగ్గర కూడా ఎక్కువకాలం బతకడం అరుదు. షాపువాళ్లు తెప్పిస్తామన్నా దయచేసి వద్దనండి. లీటరు నీటికి దాదాపు 35 గ్రాముల ఉప్పు చొప్పున సముద్రపు నీళ్లు తయారుచేసుకునే ఓపిక, పెద్ద ట్యాంకుకి చోటు ఉంటే బ్యానర్ ఫిష్ అడగండి. అది 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, వేసిన మేత తింటుంది.