ఎం35ఏ2 ఆర్మీ ట్రక్కు: ముందు బ్రేకులు, ఆ తర్వాతే పెద్ద టైర్లు

అమెరికా సైన్యం అమ్మేసిన ఎం35ఏ2 ట్రక్కు చేతికి రాగానే చాలామంది టైర్ల మీద పడతారు. అది ఆఖరి పని. ఖాళీగానే దాదాపు 6 టన్నులుండే ఈ బండికి బ్రేక్ సర్క్యూట్ ఒక్కటే. ఒక వీల్ సిలిండర్ కారినా, ఒక పైపు పగిలినా మొత్తం బ్రేకులు పోతాయి. ఎయిర్‌ప్యాక్ గాలితో పెడల్ బలాన్ని పెంచుతుందంతే. లైన్లో బ్రేక్ ఫ్లూయిడ్ లేకపోతే ట్యాంకు నిండా గాలి ఉన్నా లాభం లేదు.

ఆరు చక్రాలూ విప్పి చూడాల్సిందే. హ్యాండ్‌బ్రేక్‌ని నమ్మకండి, చక్రాలకు దుంగలు అడ్డం పెట్టండి. ఎడమ వైపు వీల్ నట్లకు ఉల్టా మరలు. తెలియక బలం పెడితే స్టడ్ విరుగుతుంది. డ్రమ్ము విడిగా ఊడదు, హబ్బుతో కలిసే వస్తుంది. అందుకు బేరింగ్ నట్టుకి సరిపోయే 3 అంగుళాల సాకెట్ కావాలి. తీసిన ప్రతి హబ్బుకీ కొత్త ఆయిల్ సీళ్లు వెయ్యండి. స్పిండిల్ (హబ్బు తిరిగే ఇరుసు కొన) మీది కీ గాడిలో సిలికాన్ సీలెంట్ నింపకపోతే గేర్ ఆయిల్ ఆ గాడిలోంచే వచ్చి బ్రేక్ లైనర్లను (డ్రమ్ముకి రాసుకునే పట్టీలను) తడిపేస్తుంది. ఆయిల్ తాగిన లైనర్‌ని పెట్రోలుతో కడిగి మళ్లీ వాడొద్దు, వేడెక్కగానే ఆయిల్ మళ్లీ ఊరుతుంది.

వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచు వేలితో ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే సిలిండర్ మార్చడమే.

ఈ ట్రక్కుల్లో సాధారణంగా ఉండేది డాట్ 5 సిలికాన్ ఫ్లూయిడ్, ఊదా రంగులో ఉంటుంది. మామూలు కార్లలో వాడే డాట్ 3 ఫ్లూయిడ్ అందులో కలవదు, కలపొద్దు కూడా. నీరు కూడా సిలికాన్‌లో కరగదు. కిందికి దిగి సిలిండర్ల అడుగున తుప్పు పెడుతుంది. వాగులు దాటే బండికి ఏటా ఫ్లూయిడ్ మార్చడం మంచిది. బ్రేక్ లైన్లలో చిక్కిన గాలి తీసేటప్పుడు ముందు ఎయిర్‌ప్యాక్, ఆ తర్వాత మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రం.

డబ్బు పెట్టగలిగితే రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేసి ముందు, వెనక లైన్లు విడదీయండి. కానీ లైనుకొకటి చొప్పున రెండు ఎయిర్‌ప్యాకులు ఉండాలి. రెండు లైన్లనూ తిరిగి ఒకే ఎయిర్‌ప్యాక్‌లో కలిపితే చేసిన ఖర్చంతా వృథా.

ఇప్పుడు టైర్లు. అసలు 9.00-20 టైరు ఎత్తు దాదాపు 40 అంగుళాలు. అందరూ కోరుకునే 395/85ఆర్20 దాదాపు 46. అంటే ప్రతి గేరూ ఇంజనుకి 15 శాతం బరువెక్కుతుంది, అదే బ్రేకు ఆపే బలం అంతకు దగ్గరగా తగ్గుతుంది. బ్రేకులు ముందన్నది ఇందుకే. ఆ టైర్లతో వచ్చే ఆర్మీ రిమ్ముకి 10 రంధ్రాలు, ఈ హబ్బుకి 6 స్టడ్లు; మధ్య పళ్లెం మార్చిన రిమ్ములే తీసుకోవాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు టైరు స్ప్రింగు పట్టీలకు రాసుకుంటే స్టీరింగ్ స్టాపులు సరిచెయ్యండి. పవర్ స్టీరింగ్ లేని బండిలో ఇంత వెడల్పు టైరుని బండి ఆగి ఉండగా తిప్పితే చేతులు పడిపోతాయి, మెల్లగా కదులుతూనే తిప్పండి.

లోతు నీళ్లు దాటడానికి బిగించే కిట్ లేకుండా దిగగల నీటి లోతు 30 అంగుళాలు. దిగేముందు మూడు యాక్సిళ్ల బ్రీదర్లూ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న మూతలు) తుడిచి, మూత వేలితో ఆడుతోందో లేదో చూడండి. బ్రీదర్ మూసుకుపోతే వేడి యాక్సిల్ చల్లబడుతూ సీళ్లలోంచి నీళ్లు పీల్చుకుంటుంది. మర్నాడు డ్రెయిన్ ప్లగ్ కాస్త వదులు చెయ్యండి: ముందు నీళ్లు కారినా, ఆయిల్ పాలలా తెల్లగా ఉన్నా మొత్తం దింపేసి కొత్తది పొయ్యాలి.