ఇంట్ల ఉన్న కంప్యూటర్ మీదనే పాత ఆటలు, కొత్త ఆటలు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది. ఎండకాలం సెలవులు రాంగనే ఒకటే మాట అడుగుతరు: "అన్నా, పోరనికి గేమ్స్ ఆడుకునేటందుకు ఏ కంప్యూటర్ కొనాలె?" ఏ ఆట ఆడ్తడో చెప్పుండ్రి అంట నేను. వాళ్ల నాయన చిన్నప్పుడు ఆడిన ఆటలన్నీ ఇంట్ల ఉన్నదాని మీదనే నడుస్తయి. పోరడు అడిగేటియి కూడ మస్తుగ నడుస్తయి. కాకుంటె ఏ కాలం ఆటకు ఆ కాలం ఏర్పాటు చెయ్యాలె.

మొదలు డాస్ కాలం సంగతి, అంటె విండోస్ రాకముందు నల్ల తెర మీద కమాండ్లు కొట్టి కంప్యూటర్ నడిపిన కాలం. డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 1993ల వచ్చిన డూమ్, ఇవి ఇప్పటి విండోస్ మీద డబుల్ క్లిక్ కొడితె తెరుచుకోవు. 64 బిట్ విండోస్‌ల డాస్ ప్రోగ్రాములు నడిపే భాగమే లేదు. అందుకు డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలె, పైసా ఖర్చు లేదు. అది పాతకాలం కంప్యూటర్‌ను మన విండోస్ లోపల్నే తయారుచేస్తది. సీ డ్రైవ్‌ల గేమ్స్ అని ఒక ఫోల్డర్ చేసి, ఒక్కో ఆటకు అండ్ల ఒక్కో ఫోల్డర్ పెట్టుండ్రి. ఇంగ్లిష్‌ల ఎనిమిది అక్షరాలు దాటని పేరు, నడుమ ఖాళీ లేకుంట. ఇగ ఆట నడిపే ఈఎక్స్ఈ ఫైలును మౌస్‌తోని పట్టి గుంజి డెస్క్‌టాప్ మీది డాస్‌బాక్స్ బొమ్మ మీద వదిలిపెట్టుండ్రి. ఆట మొదలైతది. కమాండ్లు నేర్చుకునే పని లేదు.

మొదలైనంక వేగం చూసుకోవాలె. ఆ కాలపు ఆటలు కొన్ని ప్రాసెసర్ ఎంత జోరుగుంటె అంత ఉరుకుతయి. 1981 నాటి ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. దానికి తగ్గట్టు రాసిన ఆటను వేగం పెరిగిన యంత్రం మీద పెడితె మనిషి చెయ్యి అందుకోలేదు. పాత క్యాబినెట్ల మీద టర్బో అని ఒక బటన్ ఉండేది, యాదికి ఉన్నదా? ఇసొంటి ఆటల కోసం వేగం తగ్గించేటందుకే అది. డాస్‌బాక్స్‌ల ఆ పని కీబోర్డు మీద చేస్తం. పైన టైటిల్ పట్టీ మీద సైకిల్స్ అని ఒక అంకె ఉంటది, మామూలుగ 3000. ఆట మరీ ఉరుకుతుంటె కంట్రోల్ పట్టుకొని ఎఫ్11 కొట్టుండ్రి, అంకె తగ్గుతది. డూమ్ లెక్క బరువైన ఆట ఈడ్చుకుంట నడుస్తుంటె కంట్రోల్, ఎఫ్12తోని పెంచుండ్రి. ల్యాప్‌టాప్ మీద ఎఫ్11 కొడితె వెలుతురో సప్పుడో మారుతుంటె ఎఫ్ఎన్ కీ కూడ కలిపి పట్టాలె. మౌస్ ఆ కిటికీల చిక్కుకుంటె కంట్రోల్, ఎఫ్10.

తర్వాత నెట్ సెంటర్ల కాలం: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, ఐజీఐ, వైస్ సిటీ, మోస్ట్ వాంటెడ్. ఎక్కువ మంది నన్ను అడిగేది వీటి గురించే, ఎక్కువ తిప్పలు పెట్టేది కూడ ఇవే. ఇవి విండోస్ ఆటలే గని పాత విండోస్‌వి. ఆట షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌ల కంపాటిబిలిటీకి పోయి విండోస్ ఎక్స్‌పీ అని పెట్టి చూడుండ్రి. 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం 256 రంగుల ఆట. గడ్డి ఎర్రగ, నీళ్లు వంకాయ రంగుల కనిపిస్తె మీ కంప్యూటర్ ఖరాబైనట్టు కాదు, రంగుల లెక్క తప్పింది అంతే. అదే పేజీల రంగులు తగ్గించే గడి ఉంటది, 8 బిట్ అని పెట్టుండ్రి. అయినా కుదరకుంటె డీజీవూడూ 2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకొని, అండ్ల ఎక్స్86 ఫోల్డర్‌ల ఉన్న డీఎల్ఎల్ ఫైళ్లను ఆట ఫోల్డర్‌ల పెట్టాలె. పాత డైరెక్ట్ఎక్స్ (ఆట బొమ్మలను తెర మీదికి తెచ్చే మైక్రోసాఫ్ట్ భాగం) అడిగే ఆటకు ఇప్పటి గ్రాఫిక్స్‌తోని పని జరిపిస్తది.

డీత్రీడీఎక్స్9_43 డీఎల్ఎల్ లేదని తెర మీద వస్తె, ఆ ఒక్క ఫైలు కోసం ఏ సైటు పడితె ఆ సైటుకు పోవద్దు. మైక్రోసాఫ్ట్ వాళ్లదే 2010 జూన్ డైరెక్ట్ఎక్స్ రన్‌టైమ్ ఉంది, అది వేస్తె అన్నీ ఒక్కపారి వస్తయి. వైస్ సిటీల డిస్‌ప్లే సెట్టింగ్స్‌ల ఫ్రేమ్ లిమిటర్ (సెకనుకు వచ్చే బొమ్మలకు హద్దు) ఉంటది, ఆన్‌లనే ఉంచుండ్రి. తీసేస్తె బండ్లు నడిచే తీరు చెడిపోతది. ఒరిజినల్ సీడీ దాచుకున్నోళ్లకు ఇంకో ముచ్చట: కాపీ కొట్టకుంట వేసే సేఫ్‌డిస్క్ తాళం ఉన్న సీడీలు విండోస్ 10 మీద నడవవు, ఆ డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ పక్కకు పెట్టింది. అసొంటప్పుడు అదే ఆట జీఓజీ అనే సైటుల దొరుకుతదేమో చూడుండ్రి. అక్కడ తాళాలు లేని ఆటలు అమ్ముతరు, డాస్ ఆటలకు డాస్‌బాక్స్ కూడ కలిపి ఇస్తరు. ఇన్‌స్టాల్ ఫైలు దాచిపెట్టుకుంటె నెట్ లేకున్నా ఎక్కించుకోవచ్చు.

దసరాకు హైదరాబాద్ నుంచి బామ్మర్దులు, అన్నదమ్ముల పిల్లలు వస్తరు కద, రెండు ల్యాప్‌టాప్‌లను ఒకటే వైఫైకి కలిపి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఎదురెదురుగ ఆడుండ్రి. నెట్ బ్యాలెన్స్ అక్కర లేదు, రూటర్ ఉంటె చాలు. పాత వెర్షన్‌కు విండోస్ ఫీచర్స్‌ల లెగసీ కాంపోనెంట్స్ కింద డైరెక్ట్‌ప్లే (ఆటల కంప్యూటర్లను కలిపే పాత భాగం) ఆన్ చెయ్యాలె. ఫైర్‌వాల్ అడిగినప్పుడు ఒప్పుకోవాలె. పక్కపక్కన కూసోని ఆడే ఆటల ఉన్న సంబురం, ముఖం తెల్వనోళ్లతోని ఆన్‌లైన్‌ల ఆడితె రాదు.

ఇగ కొత్త ఆటలు. క్రాక్ ఆటలు, అంటె తాళం పగలగొట్టి దొంగతనంగ పంచేటియి, దించుకోవద్దని గట్టిగ చెప్తున్న. నా దగ్గరికి నెమ్మదైందని వచ్చే కంప్యూటర్లల్ల క్రాక్ తోని వచ్చిన వైరస్‌లు ఎన్నో చూసిన. అంత అవసరం కూడ లేదు. స్టీమ్ అనే ఆటల ఆన్‌లైన్ దుకాణంల 2015 నుంచి ధరలు రూపాయలల్లనే ఉంటయి, జూన్ ఆఖరుల పెట్టే సమ్మర్ సేల్‌ల, డిసెంబర్ సేల్‌ల మస్తు తగ్గుతయి. కొన్న ఆట మీ కంప్యూటర్ మీద నడవకుంటె, 14 రోజుల లోపు, 2 గంటల కంటె తక్కువ ఆడి ఉంటె పైసలు వాపస్ ఇస్తరు. ఎపిక్ స్టోర్‌ల గురువారం గురువారం ఉచితంగ ఆట పెడ్తరు. 0 ఎ.డి. అని రాజ్యాలు కట్టే ఆట ఉంది, అది ఎప్పటికీ ఉచితమే.

గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్ అయితె ర్యామ్ చూడుండ్రి. ప్రాసెసర్‌లనే ఉండే గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే వాడుకుంటది. అందుకే 16 జీబీ ఒకటే ముక్క కంటె 8 జీబీలయి రెండు పెడితె ఆట బాగ నడుస్తది. బావికి ఒక మోటకు బదులు రెండు మోటలు కట్టినట్టు. సికింద్రాబాద్‌ల కంప్యూటర్ బజార్ సీటీసీకి పోయే పనుంటె, ఉన్న ముక్క వేగం రాసుకొని పోయి దానికి జోడు తెచ్చుకోండ్రి. ఆటల ముందుగాల షాడోస్ (నీడలు) తగ్గించుండ్రి, తర్వాత రిజల్యూషన్ 1080 నుంచి 900కో 720కో దించుండ్రి. ఎఫ్ఎస్ఆర్ (చిన్నగ గీసిన బొమ్మను పెద్దగ చేసి చూపే పద్ధతి) అని ఉంటె ఆన్ చెయ్యుండ్రి, అది ఏఎండీ వాళ్లదైనా, కొత్తగ వచ్చిన ఎఫ్ఎస్ఆర్ 4 తప్ప మిగతాయి వేరే కంపెనీ కార్డుల మీద కూడ పనిచేస్తయి.

మన జిల్లాల మే నెల ఎండకు ఆట ఆగి ఆగి నడిచిందంటె చాలాసార్లు వేడే కారణం. క్యాబినెట్ తెరిచి, ఫ్యాన్ రెక్క తిరగకుంట పెన్నుతోని ఆపి పట్టి, బ్లోయర్‌తోని దుమ్ము కొట్టుండ్రి. నీళ్ల కూలర్ గాలి మాత్రం కంప్యూటర్ మీదికి మళ్లియ్యద్దు, తడికి బోర్డు ఖరాబైతది. ల్యాప్‌టాప్ కాలిపోతుంటె పవర్ ఆప్షన్స్‌ల మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టుండ్రి. ప్రాసెసర్ తనంతట తానే పెంచుకునే టర్బో వేగం (పాత బటన్ వేరే) ఆగిపోయి వేడి దిగుతది, వేగం కొంచెం తగ్గుతది.

విండోస్ మళ్ల ఎక్కించే ముందు డాక్యుమెంట్స్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌ల వేసుకోండ్రి. వైస్ సిటీ సేవ్‌లు (ఎక్కడిదాక ఆడిండ్రో దాచే ఫైళ్లు) అందులనే ఉంటయి, ఇంకా చాలా ఆటలయి కూడ. డాస్‌బాక్స్ ఆటల సేవ్‌లు ఆట ఫోల్డర్‌లనే ఉంటయి కాబట్టి సీ డ్రైవ్‌ల గేమ్స్ ఫోల్డర్ కూడ మొత్తం కాపీ చెయ్యుండ్రి. నా దగ్గరికి తెస్తె నేను అడిగి తీసిపెడ్త. ఇంట్లనే చేసుకునేటోళ్లు ఫార్మాట్ కొట్టే ముందు ఈ రెండు ఫోల్డర్లు చూసుకోండ్రి.