పాత తెరచాప పడవ కొనేముందు: నీరు ఎక్కడ దూరిందో వెతకండి

హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే రకం చిన్న తెరచాప పడవ మీద గాలికి తగ్గట్టు తెరచాప తిప్పడం నేర్చుకుని, ఉద్యోగం మీద ఇంగ్లండ్ దక్షిణ తీరానికి వెళ్లినవాళ్లకు సోలెంట్ జలసంధి చూడగానే సొంత పడవ మీద మనసు పోతుంది. 1970ల నాటి ఫైబర్‌గ్లాస్ పడవలు అక్కడ ఇప్పటికీ పాత కారు ధరకు దొరుకుతాయి. ధర చూసి తొందరపడొద్దు. మాస్ట్ (తెరచాప స్తంభం) తీగలు, తెరచాపలు, ఇంజిన్ మూడూ కొత్తవి వేయించాల్సి వస్తే, ఆ ఖర్చు పడవ కొన్న ధరను సులువుగా దాటిపోతుంది.

పడవ ఏదనే ప్రశ్నకు ముందు, దాన్ని ఎక్కడ కట్టేస్తారో తేల్చుకోండి. చిచెస్టర్, లాంగ్‌స్టన్ లాంటి రేవుల్లో ఆటు సమయానికి చాలాచోట్ల నీరు దిగిపోయి బురద బయటపడుతుంది. బ్రిస్టల్ చానెల్‌లో ఆటుకీ పోటుకీ మధ్య తేడా 14 మీటర్ల దాకా పోతుంది. అలాంటి చోట జంట కీల్స్ (పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన రెక్కలు) ఉన్న పడవ తన కాళ్ల మీద తాను నిటారుగా నిలబడుతుంది, కట్టేసుకునే చోటు కూడా చవగ్గా దొరుకుతుంది. ఒంటి కీల్ పడవ గాలికి ఎదురు బాగా వెళ్తుంది గానీ, దానికి ఎప్పుడూ లోతు నీరు కావాలి. కుటుంబంతో తీరం వెంబడి తిరగడానికైతే మా ఓటు జంట కీల్స్ ఉన్న వెస్టర్లీ సెంటార్ పడవకే. పొడవు 26 అడుగులు, నీటిలో మునిగేది 3 అడుగులే. 1969 నుంచి 1980 దాకా రెండు వేలకు పైగా తయారయ్యాయి కాబట్టి విడిభాగాలకూ, తెలిసినవాళ్ల సలహాకూ కొరత లేదు. కాంటెస్సా 26 అంతకన్నా గట్టిగా సముద్రాన్ని తట్టుకుంటుంది, కానీ లోపల ఇరుకు.

చూడటానికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, చిన్న అద్దం, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరు, కొంచెం దూది, మురికైనా పర్లేదనుకునే బట్టలు ఉండాలి.

మొదట డెక్, అంటే పడవ పైతట్టు. చాలా పడవల్లో డెక్ రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి చేస్తారు. రెయిలింగు కాళ్ల దగ్గర, తాళ్లు కట్టే క్లీట్ల దగ్గర వేసిన మరల కన్నాల్లోంచి ఏళ్ల తరబడి వాన నీరు దిగి ఆ చెక్క కుళ్లిపోతుంది. స్క్రూడ్రైవరు పిడితో అంగుళం అంగుళం తడుతూ పోండి. బాగున్న చోట ‘టక్ టక్’మని స్పష్టంగా మోగుతుంది, కుళ్లిన చోట కుండకు పగులొచ్చినట్టు మొద్దుగా పలుకుతుంది. కాలేసి నొక్కితే మెత్తగా దిగి, మర పక్క నుంచి గోధుమరంగు నీరు ఉబికిందంటే ఇక అనుమానం అక్కర్లేదు. అరచేయంత మేరైతే పై పొర కోసి బాగుచేసుకోవచ్చు. డెక్‌లో సగం అలాగే ఉంటే ఆ పడవను వదిలేయండి. కొత్త రంగు వేసిన డెక్‌ను మరింత జాగ్రత్తగా తట్టాలి, పైన పటారం లోన లొటారం అన్నది అక్కడే జరుగుతుంది.

మాస్ట్ డెక్ మీద నిలబడే పడవల్లో దాని బరువంతా కింద ఉన్న అడ్డగోడ మీదో, నిలువు కమ్మీ మీదో పడుతుంది. మాస్ట్ కింద తలుపు బిగుసుకుపోయి మూసుకోకపోతే, పైనుంచి డెక్ కుంగిందన్నమాట. అడ్డగోడ అడుగు భాగాన్ని స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ప్లైవుడ్ కుళ్లింది.

పడవ అడుగును గట్టు మీదే చూడాలి, నీళ్లలోంచి ఎత్తిన గంటలోపు అయితే మరీ మంచిది. ఆరాక చిన్న బొబ్బలు అణిగిపోతాయి. బొబ్బను చిదిపితే వెనిగర్ లాంటి పులుపు వాసనతో జిగట నీరు కారితే అది ఆస్మాసిస్, అంటే ఫైబర్‌గ్లాస్ లోపలికి నీరు ఇంకడం. దీని పేరు వింటేనే చాలామంది బెదిరిపోతారు. నిజానికి పదీ ఇరవై బొబ్బల వల్ల పడవ మునగదు, ధర తగ్గించమనడానికి అది మంచి కారణం మాత్రమే. అసలు భయపడాల్సింది కీల్ దగ్గర. సెంటార్ కీల్స్ ప్రతి ఆటుకూ పడవ బరువునంతా మోస్తాయి కాబట్టి, అవి అతుక్కునే చోట ఫైబర్‌గ్లాస్ వంగీ వంగీ చిట్లుతుంది. బయట ఆ అతుకు వెంబడి చీలిక, తుప్పు చార ఉన్నాయేమో చూడండి. లోపల పడక కింది అరల్లో కీల్ బోల్టులు కనిపిస్తాయి. వాటి చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లున్నా, తడిగా ఉన్నా తేలిగ్గా తీసుకోవద్దు. చాలా సెంటార్లకు ఇక్కడ అదనపు ఫైబర్‌గ్లాస్ పొరలు వేసి గట్టిపరిచారు. అలా చేసి ఉంటే బిల్లు అడగండి.

చుక్కానిని రెండు చేతులా పట్టి ఊపండి. కాస్త లొడలొడ పర్లేదు. గట్టెక్కించి రోజులైనా దాని అడుగు నుంచి తుప్పు నీరు కారుతుంటే లోపలి ఇనుమును తుప్పు తినేస్తోందని అర్థం.

నీటిమట్టానికి దిగువనుండే వాల్వులు ఇత్తడివైతే, ఉప్పునీరు జింకును లాగేసి రాగిని మిగులుస్తుంది. గీకితే పసుపు మెరుపుకు బదులు గులాబీ రంగు కనిపించిన వాల్వు ఎప్పుడైనా పటుక్కున విరుగుతుంది, పడవలు మునిగేది ఇలాంటి చోటే. వాల్వు చేత్తో తిరగాలి. అది విరిగితే కన్నం మూయడానికి ప్రతి వాల్వు పక్కనా ఒక చెక్క బిరడా కట్టి ఉంచుకోవాలి.

మాస్ట్‌ను పట్టి ఉంచే స్టీలు తీగల మీదుగా దూది జార్చండి. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ ఒక తంతు తెగింది, ఆ తీగ పని అయిపోయింది. నీరు నిలిచే కింది కొసలను మరీ నిదానంగా చూడండి. తీగలు పదేళ్లు దాటితే మార్చమని బీమా కంపెనీలు తరచూ అడుగుతాయి కాబట్టి, ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి.

ఇంజిన్ ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవారికి ఫోన్‌లోనే చెప్పండి. వెళ్లగానే చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే చల్లని ఇంజిన్ మొరాయిస్తుందేమో అడగాలి. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది, నల్లపొగ వస్తే ఇంధనం పూర్తిగా మండట్లేదు. ఎగ్జాస్ట్ నుంచి నీరు ధారగా రాకపోతే వెంటనే ఆపండి. ఓడ్రేవులో గట్టిగా కట్టేసి, గేర్ వేసి పదిహేను నిమిషాలు నడిపితే వేడెక్కే ఇంజిన్ బయటపడుతుంది.

వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పడవ అడుగున చేరి ఒక నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. సిలిండరు అరకు బయటికి పారే కన్నం లేకపోతే, అది వేయించేదాకా స్టవ్ వెలిగించొద్దు.

కాగితాల్లో, పాత యజమానుల నుంచి వరసగా వచ్చిన అమ్మకపు పత్రాలు, వ్యాట్ కట్టిన రుజువు అడగండి. బ్రిటన్‌లో చిన్న పడవల రిజిస్టరులో పేరున్నంత మాత్రాన యాజమాన్యం రుజువు కాదు. సర్వేకూ, సముద్రంలో నడిపి చూడటానికీ లోబడే కొంటామని రాసుకున్నాకే బయానా ఇవ్వండి. సర్వేయరును మీరే పెట్టుకోండి, అమ్మేవారు చూపించినవారిని కాదు.

నడిపి చూసే రోజు బయల్దేరే ముందు పడవ అడుగును గుడ్డతో పొడిగా తుడవండి. రెండు గంటలు తెరచాప మీద వాలుగా నడిపి, తిరిగొచ్చాక నేలపలకలు ఎత్తండి. నీరు చేరి ఉంటే వేలికొసతో నాలుకకు తాకించి చూడండి. ఉప్పగా ఉంటే వాల్వులూ, కీల్ బోల్టులూ, ప్రొపెల్లర్ షాఫ్టూ మళ్లీ చూడాలి. చప్పగా ఉంటే మంచినీళ్ల ట్యాంకైనా కారుతోంది, డెక్ నుంచి నిన్నటి వానైనా దిగింది.