నానోరేణువులకు ట్రాస్టుజుమాబ్‌ను అతికించే పద్ధతి

హెర్2 గ్రాహకం (కణం పైపొర మీద ఉండే ఒక ప్రోటీన్) ఎక్కువగా ఉన్న రొమ్ము క్యాన్సర్ కణాలకు మందును గురిచూసి చేర్చడానికి, మందు నింపిన పీఎల్‌జీఏ (శరీరంలో క్రమంగా విచ్ఛిన్నమయ్యే పాలిమర్) నానోరేణువుల పైపొరకు, హెర్2కు అతుక్కునే ట్రాస్టుజుమాబ్ యాంటీబాడీని రసాయన బంధంతో కలుపుతారు. పెగ్ (నీటిలో కరిగే పొడవైన పాలిమర్ గొలుసు) కొసన కార్బాక్సిల్ (ఆమ్ల సమూహం) ఉన్న పాలిమర్‌తో 100 నుంచి 150 నానోమీటర్ల రేణువులు ముందే తయారై ఉన్నాయనుకుని, ఆ తర్వాతి పని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా యాంటీబాడీని శుద్ధి చేసుకోవాలి. ట్రాస్టుజుమాబ్ సీసాలోని పొడిలో సాధారణంగా హిస్టిడిన్ కలిపి ఉంటుంది. యాంటీబాడీకి లాగే దానికీ అమైన్ (కార్బాక్సిల్‌తో బంధం కట్టగల నత్రజని సమూహం) ఉంది కాబట్టి, తీసేయకపోతే యాంటీబాడీకి దక్కాల్సిన చోట్లను అదే ఆక్రమిస్తుంది. అందువల్ల డీసాల్టింగ్ కాలమ్ (చిన్న అణువులను వేరుచేసే గొట్టం) ద్వారా యాంటీబాడీని ఫాస్ఫేట్ బఫర్‌లోకి మార్చాలి. ట్రిస్, గ్లైసిన్ బఫర్లు ఈ పనికి పనికిరాకపోవడానికీ కారణం ఇదే.

కార్బాక్సిల్‌ను అమైన్‌తో కలిసేలా చురుకుపరిచే రసాయనం ఈడీసీ. దాని సీసాను ఫ్రీజర్‌లోంచి తీయగానే మూత విప్పకూడదు. గది ఉష్ణోగ్రతకు రాకముందే విప్పితే గాలిలోని చెమ్మ పట్టి పొడి ముద్దకడుతుంది, దాని చురుకుదనం తగ్గిపోతుంది. రేణువులను పీహెచ్ 6 ఉన్న ఎంఈఎస్ బఫర్‌లో ఉంచి, అప్పటికప్పుడు కరిగించిన ఈడీసీ, దానితో కలిసి కార్బాక్సిల్‌ను చురుకైన ఎస్టర్‌గా మార్చే ఎన్‌హెచ్‌ఎస్‌లను చేర్చి 15 నిమిషాలు కలియబెట్టాలి. మిగిలిన ఈడీసీని చల్లని బఫర్‌తో వెంటనే కడిగేయాలి; అది ఉండిపోతే యాంటీబాడీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కడగడంలో ఆలస్యమూ పనికిరాదు, ఎందుకంటే ఏర్పడిన ఎస్టర్ నీటిలో క్రమంగా విచ్ఛిన్నమవుతుంది, పీహెచ్ పెరిగేకొద్దీ మరింత వేగంగా. కడిగిన రేణువులకు పీహెచ్ 7.4 వద్ద యాంటీబాడీ చేర్చి, గది ఉష్ణోగ్రతలో 2 గంటలు మెల్లగా తిప్పాలి.

అతుక్కోని యాంటీబాడీని వేరుచేయడంలోనే ఎక్కువమంది పొరపడతారు. దాని బరువు సుమారు 150 కిలోడాల్టన్లు కాబట్టి 100 కిలోడాల్టన్ల వరకే వదిలే డయాలిసిస్ సంచిలోంచి అది బయటికి రాదు. సెఫరోజ్ కాలమ్ (పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ నింపిన గొట్టం) నమ్మకమైన మార్గం; సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకు చేరిన రేణువులు ఒక్కోసారి మళ్లీ విడిపోవు. తర్వాత డీఎల్‌ఎస్‌తో (కాంతి చెదిరే తీరును బట్టి రేణువుల పరిమాణం తేల్చే పద్ధతి) కొలిస్తే వ్యాసం కొద్దిగానే పెరగాలి. రెట్టింపైతే రేణువులు గుంపుకట్టాయనే అర్థం.

ఈడీసీ వేయకుండా మిగతా పనంతా యథాతథంగా చేసిన నమూనా ఒకటి తప్పనిసరి. దాని మీదా యాంటీబాడీ కనిపిస్తే అంతమేరకు అది బంధం వల్ల కాక ఊరికే అంటుకుని ఉన్నట్టు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ఈ నమూనానే చాలామంది వదిలేస్తారు.

చివరగా హెర్2 ఎక్కువున్న ఎస్‌కే-బీఆర్-3 కణాలను, తక్కువున్న ఎండీఏ-ఎంబీ-231 కణాలతో పోల్చాలి. విడి ట్రాస్టుజుమాబ్‌ను ముందుగా ఎక్కువ మోతాదులో ఇస్తే, మొదటి కణాలలోకి రేణువులు చేరడం తగ్గాలి. సీరంలోని ప్రోటీన్లు పైపొరను కప్పి యాంటీబాడీని మరుగున పడేయగలవు కాబట్టి, ఇదే పరీక్షను మానవ సీరంలో గంటసేపు ఉంచిన రేణువులతోనూ చేయాలి. అక్కడ తేడా చెరిగిపోతే పెగ్ పొడవునో యాంటీబాడీ సాంద్రతనో మార్చి మళ్లీ మొదలుపెట్టాలి.